పంట కాపలా తుపాకీకి తుప్పు: ఏ పూత మన్నుతుంది, ఏది వేయించకూడదు?

శామీర్‌పేట వైపు ఒక రైతు ఆ మధ్య నా ఫోన్‌కు నాలుగు ఫొటోలు పంపారు. తెగులు ఫొటోలేమో అనుకుని తెరిస్తే తుపాకీ గొట్టం కనిపించింది. తండ్రి కాలం నాటి 12 బోరు డబుల్ బ్యారెల్ అది, లైసెన్సు ఉన్నదే. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు అందరిలాగే డిపాజిట్ చేశారు. ఇచ్చేటప్పుడు గోనెసంచిలో చుట్టి ఇచ్చారు. తిరిగి తెచ్చుకుని విప్పి చూస్తే గోనె నేత అచ్చుపడినట్టు గొట్టమంతా ఎర్రటి జంగు. "సార్, పందిరి పైపులకు జీడిమెట్లలో పౌడర్ కోటింగ్ ఏయించిన. దీన్ని గూడ ఆడికే తీస్కపోదామనుకుంటున్న. మంచిగ మన్నుతదా?" అని అడిగారు.

వెంటనే ఫోన్ చేసి వద్దన్నాను. పౌడర్ కోటింగ్ పొయ్యి వేడికి రెండు గొట్టాలను కలిపిన టంకం వదిలి తుపాకీ పనికిరాకుండా పోయేది. దానికితోడు లైసెన్సు లేని షాపులో తుపాకీ అప్పగించినందుకు కేసు కూడా అయ్యేది. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్ళలో ఇలాంటి పాత తుపాకులు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉన్నాయి. వాటి యజమానుల కోసం ఈ వివరాలు రాస్తున్నాను. తుపాకీ లేనివారు కూడా చదవవచ్చు. పందిరి తీగకు, నాగలికి పట్టే తుప్పు కూడా ఇదే.

ముందు చట్టం

ఆయుధాల చట్టం, 1959 ప్రకారం తుపాకీని బాగుచేయడానికి కూడా లైసెన్సు ఉండాలి. అది సెక్షన్ 5లో ఉంది. కాబట్టి పూత పనికి తుపాకీని ఇవ్వాల్సింది లైసెన్సు ఉన్న ఆయుధాల డీలరుకో, ఆ డీలరు దగ్గర పనిచేసే మిస్త్రీకో మాత్రమే. ఊళ్ళోని వెల్డింగ్ షాపు, లేత్ షాపు, ప్లేటింగ్ షాపు ఎంత తెలిసినవారివైనా సరే, అక్కడ ఇవ్వకూడదు. చేసినవారికి, ఇచ్చినవారికి ఇద్దరికీ చిక్కే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. తుపాకీ మీద చెక్కిన కంపెనీ పేరు, నంబరు చెరిపితే అది సెక్షన్ 8 కింద నేరం. నంబరు కనిపించని తుపాకీ మీ దగ్గర దొరికితే, కాదని మీరు రుజువు చేసుకునేదాకా ఆ నంబరును మీరే చెరిపారని చట్టం భావిస్తుంది. ఏ పూత వేయాలన్నా ముందు పాతదాన్ని గీకి సానపెడతారు. పాత తుపాకుల మీద అక్షరాలు ముందే అరిగి ఉంటాయి. మిస్త్రీ నాలుగు సార్లు ఎక్కువ రుద్దాడంటే నంబరు కనిపించదు. ఆ తర్వాత రెన్యువల్‌కు తీసుకెళ్ళినప్పుడు పుస్తకంలోని నంబరు తుపాకీ మీద లేకపోతే ఏం జవాబు చెబుతారు? అందుకే పనికి ఇచ్చే ముందే నంబరు, ముద్రలు స్పష్టంగా కనిపించేలా ఫొటోలు తీసి పెట్టుకోవాలి. "ఈ భాగం సానపెట్టవద్దు" అని రసీదు మీదే రాయించుకోవాలి.

లైసెన్సు గురించి మాట వచ్చింది కాబట్టి ఇదీ చెబుతాను. తుపాకీ ఉంచుకోవడానికి అనుమతి వేరు, జంతువును కాల్చడానికి అనుమతి వేరు. అడవి పంది, నెమలి లాంటివి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 రక్షణలో ఉన్నాయి. మక్కచేను ఎంత పాడైనా అటవీ శాఖ అనుమతి లేకుండా కాల్చకూడదు.

జంగు ఎందుకు పడుతుంది

ఇనుము, గాలి, తేమ ఈ మూడూ కలిస్తే తుప్పు పడుతుంది. ఉప్పు తోడైతే పని ఇంకా తొందరగా అవుతుంది. వానల్లో దున్ని వచ్చాక అద్దంలా మెరిసే నాగటి కర్రును కడగకుండా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబారడం మీరు చూసే ఉంటారు.

మన ఇళ్ళలో తుపాకీకి ఎక్కువ చేటు చేసేది అది వేలాడే గది. చాలామంది ఎరువుల బస్తాలు, పురుగుమందుల డబ్బాలు పెట్టే గదికి తాళం ఉంటుంది కదా అని తుపాకీ కూడా అక్కడే పెడతారు. యూరియా గాలిలోని తేమను పీల్చుకుని చెమ్మగిల్లుతుంది. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, వంటింటి ఉప్పుకు దగ్గరి చుట్టం. ఆ దుమ్ము గొట్టం మీద పడి వానాకాలం తేమ తగిలితే ఎంత మంచి పూతైనా ఆగదు. తాళం ఉన్న మరో చోటు చూసి తుపాకీని అక్కడికి మార్చండి. దానికి పైసా ఖర్చు లేదు, అయినా పూత కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

మందు దట్టించి కాల్చే భర్మార్ తుపాకుల సంగతి ఇంకా వేరు. నల్లమందు కాలాక మిగిలే మసి తేమను లాగేస్తుంది, ఒక్క రాత్రిలో గొట్టం లోపల జంగు మొదలవుతుంది. పాత రకం తూటాల టోపీల్లో పొటాషియం క్లోరేట్ వాడేవారు. అది పేలాక మిగిలేది పొటాషియం క్లోరైడే, అంటే మన పొటాషే. ఈ రెండు రకాల మసీ నూనెతో పోదు. నీళ్ళలో కరుగుతుంది కాబట్టి వేడినీళ్ళతోనే కడగాలి. ఆ తర్వాత పూర్తిగా ఆరబెట్టి నూనె పట్టించాలి. "తుపాకీకి నీళ్ళు తగలనీయొద్దు" అని పెద్దలు చెప్పిన మాట నల్లమందు తుపాకీకి వర్తించదు.

పూతల్లో రకాలు

మన పొలంలో ఇనుముకు వాడే పూతలతోనే మొదలుపెడదాం. తుపాకీకి ఏవి పనికిరావో అక్కడే తెలుస్తుంది.

మేడ్చల్ ప్రాంతంలో ద్రాక్ష పందిళ్ళు వేసిన పాత రైతులకు జి.ఐ. తీగ విలువ తెలుసు. అనాబ్-ఎ-షాహీ తోటల కాలంలో జింకు పూత మందంగా ఉన్న తీగ ఏళ్ళ తరబడి నిలిచేది, పలచటి తీగ గుత్తుల బరువుకు ముందే తుప్పుపట్టి తెగేది. జింకులో గొప్పతనం ఏమిటంటే, గీత పడి ఇనుము బయటపడినా పక్కనున్న జింకు ముందు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. కానీ ఆ పూత వేయడానికి ఇనుమును 450 డిగ్రీల దగ్గర కరిగిన జింకులో ముంచుతారు. తుపాకీని అందులో ముంచితే టంకం కరుగుతుంది, భాగాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, స్ప్రింగుల పదును పోతుంది. పైపుకు ఇంతకన్నా మంచి పూత లేదు. తుపాకీకి మాత్రం ఆలోచనే వద్దు.

పౌడర్ కోటింగ్‌ను 180 నుంచి 200 డిగ్రీల పొయ్యిలో కాలుస్తారు. సీసం, తగరం కలిసిన మెత్తటి టంకం 183 డిగ్రీల నుంచే కరగడం మొదలవుతుంది. డబుల్ బ్యారెల్ తుపాకుల్లో రెండు గొట్టాల మధ్య పైన, కింద కనిపించే సన్నని పట్టీలు చాలావరకు ఇలాంటి టంకంతో అతికినవే. పైగా పౌడర్ పూత మందం 60 నుంచి 80 మైక్రాన్ల దాకా ఉంటుంది. గేటుకు అది బలమే, కానీ వెంట్రుకవాసి తేడాతో ఒకదానిలో ఒకటి కదిలే భాగాలకు అది అడ్డం. ఇంట్లో ఎనామిల్ పెయింటు పూయడం ఇంకా చెడ్డది. పెయింటు కింద జంగు తన పని తాను చేసుకుంటూ పోతుంది, పైకి మాత్రం నున్నగా కనిపిస్తుంది.

ఇక తుపాకులకే వాడే పూతలు చూద్దాం.

పాత తుపాకుల మీద కనిపించే నీలి నలుపు రంగును బ్లూయింగ్ అంటారు. ఇది రంగు కాదు, ఒక రకం తుప్పే. ఎర్ర తుప్పు పొరలుగా ఊడిపోతుంది. ఈ నల్ల తుప్పు మాత్రం ఇనుమును పట్టుకుని ఉంటుంది. మందం మైక్రాన్ అటూ ఇటూ, అంతే. తనంతట తాను ఇది తుప్పును పెద్దగా ఆపలేదు, నూనెను పట్టి ఉంచడం వల్లే పనిచేస్తుంది. నూనె లేని బ్లూయింగ్ కంచె లేని చేను లాంటిది.

దీన్ని వేసే పద్ధతులు రెండు. వేడి పద్ధతిలో కాస్టిక్ సోడా, నైట్రేట్ లవణాలు కలిపి 140 డిగ్రీల దగ్గర మరిగే ద్రావణంలో భాగాలను ముంచుతారు. త్వరగా అవుతుంది, అంతటా ఒకే రంగు వస్తుంది. కానీ వేడి కాస్టిక్ మెత్తటి టంకాన్ని తినేస్తుంది. పట్టీల సందుల్లోకి చేరిన లవణాలు బయటికి రావు, నెలల తర్వాత లోపలి నుంచే జంగు ఉబుకుతుంది. కాబట్టి డబుల్ బ్యారెల్ గొట్టాలకు వేడి బ్లూయింగ్ వేయించకూడదు. అల్యూమినియం భాగాలు ఉంటే వాటిని కూడా ఊడదీయాలి, కాస్టిక్ వాటిని కరిగించేస్తుంది.

రెండోది నెమ్మది పద్ధతి. పలచటి ఆమ్ల ద్రావణం పూసి, తేమగా ఉన్న చోట ఉంచి, సన్నగా ఎర్ర తుప్పు పట్టనిస్తారు. తర్వాత శుభ్రమైన నీళ్ళలో మరిగిస్తే ఆ ఎర్ర తుప్పు నల్లబడుతుంది. పైన వదులుగా ఉన్నది మెత్తటి ఉక్కు పీచుతో తుడిచేసి మళ్ళీ మొదలు. ఇలా ఎన్నోసార్లు చేయాలి, పని రోజుల తరబడి సాగుతుంది, కూలీ కూడా ఎక్కువే అడుగుతారు. అయితే వేడి మరిగే నీళ్ళను దాటదు కాబట్టి టంకానికి ప్రమాదం లేదు. పూత కూడా వేడి బ్లూయింగ్ కన్నా అరుగుదలకు బాగా ఆగుతుంది. మరిగించకుండా ఎరుపు గోధుమ రంగులోనే వదిలేస్తే దాన్ని బ్రౌనింగ్ అంటారు. పాతకాలపు భర్మార్ల మీద కనిపించేది అదే.

సీసాలో దొరికే "కోల్డ్ బ్లూ" మందు గీతల మీద పూసుకోవడానికే పనికొస్తుంది, చేతి రాపిడికే పోతుంది. వాటిలో చాలావాటిలో సెలీనియం లవణాలు ఉంటాయి. అవి విషం. పురుగుమందుకు తీసుకునే జాగ్రత్తలే దీనికీ తీసుకోవాలి.

ఫాస్ఫేట్ పూతను పార్కరైజింగ్ అని కూడా అంటారు. జింకు లేదా మాంగనీస్ ఫాస్ఫేట్ ద్రావణాన్ని మరిగే దశకు దగ్గరగా వేడిచేసి అందులో ముంచుతారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక ఆయుధాలకు విరివిగా వాడిన పూత ఇది. ట్రాక్టర్ బానెట్ రేకు మీద రంగు కింద వేసేదీ, జిప్సం బోర్డుకు కొట్టే నల్ల స్క్రూల మీద ఉండేదీ ఈ జాతి పూతే. మెరుపు ఉండదు, బూడిద నలుపుగా గరుకుగా ఉంటుంది. ఆ గరుకుదనమే దాని బలం, బ్లూయింగ్ కన్నా ఎక్కువ నూనెను తాగి నిలుపుకుంటుంది. దీనికి ముందు ఇసుకలాంటి రజనుతో గట్టిగా కొట్టించాలి. పాత తుపాకీ మీది సన్నటి చెక్కుడు పని, అక్షరాలు ఆ దెబ్బకు మసకబారతాయి.

ఇటీవల సెరాకోట్ లాంటి సిరామిక్ కలిసిన పూతలు వచ్చాయి. స్ప్రే చేసి సుమారు 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు కాలుస్తారు. మందం 25 మైక్రాన్లు లేదా అంతకన్నా తక్కువ. నీళ్ళను, చెమటను, ఉప్పును బ్లూయింగ్ కన్నా ఎన్నో రెట్లు బాగా ఆపుతుంది. ఈ వేడికి టంకం కరగదు. దీనికి కూడా రజను కొట్టించడం తప్పదు. పోతే, ఇది గొట్టం బయటికి మాత్రమే, లోపలికి కాదు.

క్రోమియం, నికెల్ ప్లేటింగ్‌ను ట్రాక్టర్ హైడ్రాలిక్ రాడ్డు మీద చూస్తాం. కొత్త సైనిక రైఫిళ్ళలో గొట్టం లోపల క్రోమియం వేస్తారు, అది ఫ్యాక్టరీ పని. పాత తుపాకీకి బయట వేయిస్తే, ఎక్కడైనా లేచినచోట దాని కింద నుంచి తుప్పు పాకుతుంది. ప్లేటింగ్ సమయంలో స్ప్రింగులు పెళుసుబారే ప్రమాదం కూడా ఉంది. నైట్రైడింగ్ అనే పద్ధతి కొత్త తుపాకుల్లో చాలా మన్నికైనది. కానీ అది 500 డిగ్రీలు దాటే పని, పాతవాటికి పనికిరాదు.

మీ తుపాకీకి ఏది?

డబుల్ బ్యారెల్ అయితే నెమ్మది బ్లూయింగ్. నా సలహా అదొక్కటే. మిస్త్రీ "వేడిది తొందరగా అయిపోతుంది, ఏం కాదు" అంటే తుపాకీ వెనక్కి తెచ్చుకోండి.

సింగిల్ బ్యారెల్, పట్టీల అతుకు లేనిది, ఎక్కువగా పొలం గుడిసెలో, వానలో తిరిగేది అయితే ఫాస్ఫేట్ గానీ సిరామిక్ పూత గానీ మేలు. అందం కాస్త తగ్గుతుంది. చెక్కుడు పని ఉన్నదైతే, తాత గుర్తుగా ఉంచుకున్నదైతే బ్లూయింగ్‌కే వెళ్ళండి.

కొద్దిమంది దగ్గర ఈశాపూర్ ఫ్యాక్టరీ .315 రైఫిల్ ఉంటుంది. దాని గొట్టం ఒక్కటే, కాబట్టి వేడి బ్లూయింగ్ నడుస్తుంది. గురిచూసే ముక్కను టంకంతో అతికారేమో ముందు చూపించుకోవాలి. రైఫిల్ గొట్టం లోపల మెలికల గాడులు ఉంటాయి. రజను కొట్టేటప్పుడు రెండు చివరలా బిరడాలు పెట్టి ఆ గాడులకు రజను తగలకుండా చూడాలి, కానీ వేడి ద్రావణంలో ముంచేటప్పుడు గొట్టానికి బిరడాలు ఉండకూడదు.

గొట్టం మీద నీళ్ళ అలల్లాంటి చారలు కనిపిస్తే అది దమస్కు గొట్టం కావచ్చు. ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి చుట్టి అతికి చేసేవారు. (దమస్కు కత్తులకు ఉక్కు పంపిన కోనసముద్రం మన నిజామాబాద్ జిల్లాలోదే గానీ, ఈ గొట్టాలు ఆ ఉక్కుతో చేసినవి కావు.) దానికి బ్రౌనింగ్ తప్ప మరొకటి వేయించవద్దు. అందులో నేటి తూటాలు పేల్చవద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి గుంటలు. జంగు లోతుగా తిని గుంటలు పడితే ఏ పూతా వాటిని పూడ్చదు, కప్పిపెడుతుంది. తుపాకీ గొట్టం చివరి వైపు గోడ పలచగా ఉంటుంది. గుంట అడుగున ఇంకా పలచబడుతుంది, నున్నగా రావాలని సానపెడితే మరింత తగ్గుతుంది. అలాంటి గొట్టం పేల్చినప్పుడు పగలవచ్చు, ముందున్న అరచేయి పోవచ్చు. కాబట్టి పూత మాట ఎత్తే ముందు మిస్త్రీతో గొట్టం లోపల, బయట గుంటలు, ఉబ్బు ఉన్నాయేమో చూపించండి. లోపల లోతు గుంటలు ఉన్నాయంటే ఆ డబ్బు పూత మీద పెట్టకండి, ఆ తుపాకీ పేల్చకండి. శామీర్‌పేట రైతుది పైపైనే పట్టిన జంగు, అదృష్టం బాగుంది. అయితే ఎడమ గొట్టం పట్టీ పక్కన ఒక చోట టంకం అప్పటికే వదిలి ఉందని డీలరు దగ్గరి మిస్త్రీ చూపించాడట. ముందు అది అతికించి, తర్వాత నెమ్మది బ్లూయింగ్ వేయించుకున్నారు.

ఇంట్లో చేయాల్సినవి

ఏ పని మొదలుపెట్టే ముందైనా తూటా లేదని కళ్ళతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. పిల్లల్ని పక్కకు పంపండి.

ముట్టుకున్న ప్రతిసారీ చేతి చెమట తుడవాలి. పొడి నూలుగుడ్డతో తుడిచి, కుట్టుమిషన్ నూనెలాంటి పలచటి మినరల్ నూనె రెండు చుక్కలు గుడ్డ మీద వేసి రుద్దితే చాలు. కారేటంత పోయకూడదు, ఆ నూనె కిందికి దిగి కర్ర బట్టును మెత్తబరుస్తుంది. కొబ్బరినూనె, పల్లినూనె వాడవద్దు. కొన్నాళ్ళకు జిగురులా గట్టిపడి ట్రిగ్గర్ పనిని పట్టేస్తాయి. ట్రాక్టర్ నుంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్‌లో ఆమ్లాలు, మసి ఉంటాయి, అది కూడా వద్దు. చిన్న జంగు మచ్చ కనిపిస్తే నూనె వేసి ఒక రాత్రి నాననిచ్చి, మరుసటి రోజు ముతక గుడ్డతో రుద్దండి. ఎమరీ కాగితం పట్టుకున్నారంటే జంగుతో పాటు పూత కూడా పోతుంది.

తోలు కవరులో, గోనెలో, దుప్పటిలో చుట్టి ఉంచవద్దు. అవి తేమను పట్టి గొట్టానికి అంటిస్తాయి. తోలులో ఊనే లవణాలు కూడా ఉంటాయి. తాళం ఉన్న పెట్టెలో గాలి ఆడేలా, గోడకు తగలకుండా నిలపాలి. సిలికాజెల్ పొట్లాలు రెండు వేసి, రంగు మారినప్పుడల్లా వేడిచేసి ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు.

దసరా ఆయుధ పూజ రోజున తుపాకీకి తడి పసుపు, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి రసం తగిలేలా పెట్టడం మన దగ్గర మామూలే. నిమ్మరసంలోని ఆమ్లం బ్లూయింగ్‌ను నిమిషాల్లో తినేస్తుంది. నాకు చూపించిన తుపాకుల్లో గొట్టం మొదట్లో తెల్లగా గుండ్రటి మచ్చ ఉంటే నేను ముందు అడిగేది దసరా గురించే. బొట్టు కర్ర బట్టు మీద పెట్టండి, నిమ్మకాయను పక్కన పళ్ళెంలో ఉంచండి. పూజ అయిన సాయంత్రమే తుడిచి నూనె పట్టించండి.

ఎన్నికలకు డిపాజిట్ చేసేటప్పుడు మాత్రం పలచటి నూనె చాలదు. నెలలు ఆగాలి కాబట్టి గొట్టం లోపల, బయట గ్రీజు పట్టించి, నూనె రాసిన కాగితంలో చుట్టి ఇవ్వండి. ఇచ్చిన రోజు ఉన్న స్థితి ఫొటో తీసుకుని, నంబరుతో రసీదు తీసుకోండి. తిరిగి తెచ్చుకున్న రోజే విప్పండి. గొట్టం లోపలి గ్రీజంతా గుడ్డతో పూర్తిగా తీసేదాకా తూటా పెట్టవద్దు. గొట్టంలో మిగిలిన గ్రీజు ముద్ద కూడా అడ్డమే, పేల్చినప్పుడు గొట్టం ఉబ్బడానికి అది చాలు.